నక్షత్రముల దూరమును కొలిచిన వేణు బప్పుగారు

మార్గశిర పుష్యమాసములలో రాత్రి భోజనములైన పిమ్మట మన వెంకటాచలమున వీధిదీపముల వెలుగు సోకని చేలగట్టున నిలిచి పైకి చూచినచో, నడినెత్తికి సమీపమున ఎఱ్ఱని చుక్క యొకటియు, దాని ప్రక్కను బండి ఆకారముగా నాలుగైదు చిన్న చుక్కలును కనబడును. ఎఱ్ఱనిది రోహిణి. ఆ చుక్కల గుంపునకు మన పూర్వులు రోహిణీ శకటమని పేరిడిరి. రోహిణికార్తె యెండలెట్టివో నెల్లూరు సీమలో ఎఱుగనివారు లేరు గాని, ఆ శకటము మనకెంత దూరమున నున్నదని అడిగినచో చెప్పగలవారు మిక్కిలి అరుదు. ఇది చిన్నపిల్లలు వేయు ప్రశ్నవలె కనబడును. అయినను ఈ విశ్వమంతయు ఎంత వేగముగా విస్తరించుచున్నదను పెద్ద ప్రశ్నకు సమాధానము చాలకాలము ఈ చిన్న ప్రశ్న మీదనే ఆధారపడి నిలిచెను. అట్టి దూరములను తెలిసికొనుటకు ఒక క్రొత్త మార్గమును చూపిన యిద్దఱిలో ఒకరు హైదరాబాదున పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పుగారు.

ఆయన పూర్తి పేరు మనాలి కల్లట్ వేణు బప్పు. 1927వ సంవత్సరము ఆగష్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిరి. వంశీయులది మలబారు సీమ. తల్లిదండ్రులకు ఆయన ఏకపుత్రుడు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి యగుటచే బాలుని పెంపకమును విద్యయు ఆ నగరమునందే జరిగెను.

ఆ వేధశాలను గూర్చి కొంత చెప్పక తప్పదు, ఏలనన బాలునకు అదియే తొలి బడి. జఫర్ జంగు అను ప్రభువొకడు ఆకాశమును చూచు కుతూహలముచే పదునైదు అంగుళముల దూరదర్శినిని తెప్పించి, 1901 ప్రాంతమున దానిని నెలకొల్పెను. అతడు గతించిన పిమ్మట 1908లో నిజాం ప్రభుత్వము ఆ శాలను స్వీకరించెను. అనంతరము అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందెను. ఆ కాలమున లోకమునందలి పలు వేధశాలలు ఆకాశమును ముక్కలుగా పంచుకొని, ప్రతి భాగమును ఛాయాచిత్రములు తీసి, అందలి నక్షత్రముల స్థానములను పట్టికగా వ్రాయు మహాకార్యమును చేపట్టియుండెను. హైదరాబాదు తన వంతు భాగమును శ్రద్ధతో నెఱవేర్చి, కొన్ని లక్షల నక్షత్రముల పట్టికలను సంపుటములుగా ప్రకటించెను. ఆ పనిలో ఆడంబర మేమియు లేదు. గాజుఫలకమును సూక్ష్మదర్శిని క్రింద నుంచి, ఒక్కొక్క చుక్కను కొలిచి, అంకెలు వ్రాయుటయే. లెక్కలు చేయునప్పుడు మూడవ పంక్తికే విసుగుచెందు మన విద్యార్థులు ఆ సంపుటములను ఒక్కమాఱు చూడవలెనని నా కోరిక.

వేణు ఈ వాతావరణమున పెరిగెను. తండ్రి పనిచేయు చోట రాత్రులు గడుపుచు, దూరదర్శిని వాడుకను చిన్ననాటనే నేర్చెను. నిజాం కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచుండగనే, వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండు చలకాంతి నక్షత్రములను పరిశీలించి, ఆ ఫలితములను శాస్త్ర పత్రికలలో ప్రకటించెను. అనంతరము హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికా దేశమునందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను.

అక్కడ చేరిన కొలదికాలమునకే, 1949 జులై 2వ తేదీ రాత్రి తాను తీసిన ఛాయాచిత్రమున నక్షత్రము కానిది, మసకగా నున్నది యొకటి అతని కంటబడెను. అది క్రొత్త తోకచుక్క. ఆచార్యుడగు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ అనువారలు దానిని స్థిరపఱచుటకు తోడ్పడుటచే దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అను పేరు వచ్చెను. పసిఫిక్ ఖగోళ సంఘమువారు ఆయనకు డాన్హో పతకము నొసగిరి. సామాన్యజనులు బప్పుగారిని ఈ తోకచుక్క వలననే ఎక్కువగా తలంతురు. నా మట్టునకు అది ఆయన చేసిన పనులలో గొప్పది కాదు. రాత్రులు మేల్కొని చూచువారికి ఎన్నడో ఒకనాడు లభించు బహుమానము మాత్రమే. గొప్పది తరువాత వచ్చెను. దానిని తెలిసికొనవలెనన్న మొదట విశ్వవిస్తరణమను విషయమును కొంత తెలిసికొనవలెను.

గూడూరునుండి నెల్లూరునకు పోవు వేగపు బండి మన స్టేషనున నిలువక కూత వేయుచు దాటిపోవుటను మీరందఱు వినియుందురు. బండి మనవైపు వచ్చునప్పుడు కూత సన్నగా, హెచ్చు స్థాయిలో వినబడును; మనలను దాటిన క్షణముననే అది బొంగురై దిగిపోవును. కూత మాఱలేదు, బండి పోకడయే మాఱినది. వెలుగునకు సైతము ఇట్టి లక్షణమే కలదు. మన పాఠశాల భౌతికశాస్త్రపు గదిలోని పట్టకము గుండ సూర్యకాంతిని ప్రసరింపజేసినచో ఏడు రంగుల పట్టీ ఏర్పడును గదా. దానినే మిక్కిలి విశాలముగా సాగదీసి చూచినచో, అందు సన్నని నల్లగీతలు వేలకొలది కనబడును. ఒక్కొక్క మూలద్రవ్యము తన గీతలను తన నియమిత స్థానములందే గీయును. వెలుగునిచ్చు వస్తువు మననుండి తొలగిపోవుచున్నచో ఆ గీతలన్నియు ఎఱుపువైపునకు జరుగును. ఎంత జరిగినవో కొలిచినచో వేగము తెలియును. కనుక దూరమునందలి నక్షత్రపుంజములు ఎంత వేగముగా పోవుచున్నవో తెలిసికొనుట అంత కష్టము కాదు. గట్టి పరికరము, ఓర్పు ఉన్న చాలును.

చిక్కంతయు దూరమునందే యున్నది. వేగమును దూరముచే భాగించినగాని విస్తరణపు రేటు రాదు. మైపాడు ఒడ్డున చీకటిరాత్రి నిలిచి సముద్రమున చేపలు పట్టువారి పడవల దీపములను చూడుడు. ఒకటి మినుకుమినుకు మనుచున్నది. అది దగ్గరనున్న చిన్న లాంతరా, దూరమున నున్న పెద్ద దీపమా? కంటికి రెండును ఒక్కటియే. దీపము అసలు శక్తి ఎంతయో ముందుగా తెలిసినచో మాత్రమే, దాని మసకతనమునుబట్టి దూరమును చెప్పగలము; ఏలనన దూరము పదిరెట్లైనచో వెలుగు నూఱవవంతగును. నక్షత్రములపై వాటి శక్తిని తెలుపు చీటి యేదియు అంటింపబడియుండదు.

దగ్గరి నక్షత్రములకు మఱియొక ఉపాయము గలదు. బొటనవ్రేలిని ముఖమునకు ఎదురుగా చాచి, ఒక కన్ను మూసి చూచి, పిదప రెండవ కన్ను మూసి చూడుడు. వ్రేలు గోడమీద అటునిటు గెంతినట్లు కనబడును. భూమి సూర్యుని చుట్టు తిరుగుటచే ఆఱు మాసముల కొకమాఱు మనకు అట్టి రెండు కన్నులు లభించుచున్నవి. ఆ గెంతును లంబనమందురు. కాని నక్షత్రముల గెంతు అత్యల్పము. ఇరువదవ శతాబ్ది నడుమ వఱకు సుమారు నూఱు కాంతిసంవత్సరములకు మించిన దూరములందు ఈ కొలత నమ్మదగినది కాకుండెను. కాంతిసంవత్సరమన వెలుగు ఒక యేట పోవు దూరము, సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. ఆకాశమున నూఱు కాంతిసంవత్సరములన మన ఇంటి వాకిలి వంటిది.

అందుచే ఖగోళజ్ఞులు నిచ్చెన కట్టిరి. దగ్గరివాటిని లంబనముచేతను, తత్సమానమగు రీతులచేతను కొలిచి, వాటి యాధారమున కొంచెము దూరపువాటిని, వాటి యాధారమున మఱింత దూరపువాటిని కొలుచుట. 1912లో హార్వర్డునందు హెన్రియెటా లెవిట్ అను విదుషీమణి, సెఫీడులను ఒక జాతి చలకాంతి నక్షత్రములలో వెలుగు హెచ్చి తగ్గు కాలము ఎంత దీర్ఘమో అసలు కాంతి అంత ఎక్కువ యని చూపి, నిచ్చెనకు ఒక ఉన్నతమగు మెట్టును సమకూర్చెను. ఆ మెట్టుపై నిలిచి 1920వ దశకమున ఎడ్విన్ హబుల్ మన పాలపుంతకు వెలుపల ఇతర నక్షత్రపుంజములు గలవని నిరూపించెను. 1927లో బెల్జియము దేశీయుడగు క్రైస్తవ పురోహితుడు జార్జి లెమెయిటర్ గణితముచే విశ్వము విస్తరించుచున్నదని చూపి, రేటును సైతము లెక్కించెను. అదియే మన బప్పుగారు జన్మించిన సంవత్సరము. 1929లో హబుల్ తన పరిశీలనలతో అదే సంబంధమును ప్రకటించెను: ప్రతి మెగాపార్సెక్కు దూరమునకు, అనగా 32 లక్షల 60 వేల కాంతిసంవత్సరములకు, సెకనునకు సుమారు 500 కిలోమీటర్ల వేగము హెచ్చుచున్నదని.

ఆ సంఖ్య గొప్ప చిక్కు తెచ్చిపెట్టెను. విస్తరణను వెనుకకు త్రిప్పి లెక్కించినచో విశ్వము వయస్సు 200 కోట్ల సంవత్సరములకు మించదు. భూమియందలి శిలలను పరీక్షించినవారో, భూమికే 300 కోట్ల సంవత్సరముల వయస్సున్నదనిరి. తల్లికంటె బిడ్డ పెద్దదైనట్లు! తప్పు ఎక్కడ నున్నది? వేగమున కాదు, దూరమున. యుద్ధకాలమున లాస్ ఏంజిలిస్ నగరపు దీపములు ఆర్పివేయబడగా, ఆ చీకటిని ఉపయోగించుకొని మౌంట్ విల్సన్ వేధశాలలో వాల్టర్ బాడే అను జర్మను పండితుడు పరిశ్రమించి, నక్షత్రములలో రెండు తెగలున్నవనియు, సెఫీడులందును రెండు జాతులున్నవనియు కనుగొనెను. 1952లో రోమునగరమున జరిగిన ఖగోళజ్ఞుల సభలో ఇది ప్రకటింపబడినంతనే విశ్వమునందలి దూరములన్నియు ఒక్క దినమున రెట్టింపయ్యెను. నిచ్చెనలో ఒక్క మెట్టు కదలినచో పైనున్న మెట్లన్నియు కదలును. కావున ప్రతి మెట్టును వేఱొక మార్గమున సరిచూడవలసిన యావశ్యకత స్పష్టమయ్యెను.

సరిగా ఆ దినములయందే బప్పుగారు కాలిఫోర్నియాలో నుండిరి. హార్వర్డులో 1952లో డాక్టరు పట్టము పొంది, కార్నెగీ సంస్థవారి వేతనముతో మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలకు వెడలిరి. పాలొమార్ కొండపైనున్న 200 అంగుళముల దూరదర్శిని నాడు ప్రపంచమునందెల్ల పెద్దది. అచ్చట ఓలిన్ విల్సన్ అను పండితునితో కలిసి పనిచేసిరి.

వారు చూచినది యేమనగా: సూర్యకాంతి వర్ణపటమున ఊదారంగు అంచున రెండు వెడల్పైన నల్లగీతలు గలవు. వాటిని హెచ్ రేఖ, కె రేఖ యందురు. అవి కాల్షియము గీసినవి. సున్నమునందును, మన యెముకలయందును ఉన్న కాల్షియమే. సూర్యునివలెను, సూర్యునికంటె చల్లగాను నుండు నక్షత్రములలో ఆ నల్లని కె రేఖ నడుమ మఱల ఒక సన్నని వెలుగుగీత కనబడును. నక్షత్రపు ఉపరితలమునకు పైన పలుచని వర్ణావరణము గలదు. ఆ వెలుగు దానినుండి వచ్చునది. విల్సన్, బప్పుగార్లు 185 నక్షత్రముల వర్ణపటములయందు ఈ వెలుగుగీత వెడల్పును కొలిచిరి. నక్షత్రము వేడిమి ఎంతయున్నను, గీత తళతళలాడుచున్నను మసకగా నున్నను, వెడల్పు మాత్రము ఒక్కదానినే అనుసరించుచుండెను: ఆ నక్షత్రపు అసలు కాంతిని. చిన్న నక్షత్రమున గీత సన్నము; మహానక్షత్రమున వెడల్పు. అసలు కాంతి పదిలక్షల రెట్లు హెచ్చినచో గీత వెడల్పు ఇంచుమించు పదిరెట్లు హెచ్చును. అతి మసకవాటినుండి అతి ప్రకాశవంతములవఱకు ఇన్ని తరగతుల నక్షత్రములందు ఈ సంబంధము తిన్నని సరళరేఖగా నడచుట అందఱకును ఆశ్చర్యము గొల్పెను.

దీని ప్రయోజనము మీకు ఇప్పటికి తోచియే యుండును. దీపముపై చీటి లేదని చెప్పితిని. ఇదిగో ఆ చీటి. వెలుగుగీత వెడల్పును కొలిచిన అసలు కాంతి తెలియును. కంటికి కనబడు కాంతితో పోల్చిన దూరము తెలియును. 1957లో వారు అమెరికా ఖగోళభౌతిక పత్రికలో దీనిని సవిస్తరముగా ప్రకటించిరి. నాటినుండి దీనికి విల్సన్-బప్పు ప్రభావమని పేరు. లోకమునందలి ఖగోళశాస్త్ర గ్రంథములలో ఈ పేరు నేటికిని చదువబడుచున్నది.

అయినను శకటపు మాట మఱువరాదు. వెడల్పునుబట్టి ఏ నక్షత్రము దేనికంటె ఎన్నిరెట్లు ప్రకాశవంతమో తెలియును గాని, ఆ రెట్లను నిజమైన కొలతగా మార్చుటకు దూరము తెలిసిన నక్షత్రములు కొన్ని కావలెను. అట్టివి సూర్యుడును, రోహిణీ శకటమునందలి మహానక్షత్రములును. (ఎఱ్ఱని రోహిణి ఆ గుంపునకు చెందినది కాదు, అది 65 కాంతిసంవత్సరముల దూరమున నుండి, వెనుకనున్న గుంపుతో కలిసినట్లు కనబడుచున్నది.) ఆ గుంపు దూరమును ఆ కాలమున సుమారు 130 కాంతిసంవత్సరములుగా నెంచుచుండిరి. 1997లో హిప్పార్కస్ అను ఉపగ్రహపు కొలతలు వెలువడగా అది 151 కాంతిసంవత్సరములని తేలెను. అవే కొలతలతో విల్సన్-బప్పు సంబంధమును పండితులు పరీక్షించిరి. సంబంధము నిలిచెను, కాని ఒక్క నక్షత్రమునే చూచి దూరము చెప్పినచో నూటికి ముప్పదిపాళ్ళు తప్పుటకు వీలున్నదనియు, గుంపులోని పలు నక్షత్రముల సగటు తీసికొనినచో మేలనియు స్పష్టమయ్యెను. ఈ పరిమితిని చెప్పకుండుట న్యాయము కాదు. నక్షత్రపుంజముల దూరములను బప్పుగారి సూత్రము నేరుగా కొలువదు. అది నిచ్చెన క్రిందిభాగమునందలి మెట్టు. క్రిందిమెట్టును తలచువారు కొలదిమందియే. పైమెట్టు ఎక్కువారందఱును దానిమీదుగా పోవలసినదే.

ఇట్టి కీర్తి గడించుచున్న యువకుడు కాలిఫోర్నియాలోనే నిలిచినచో ఏమగునో ఊహించుట సులభము. బప్పుగారు 1953లో స్వదేశమునకు తిరిగివచ్చిరి. ఇచ్చట 200 అంగుళముల దూరదర్శిని లేదు. ఆ మాటకు వచ్చిన 50 అంగుళములదియు లేదు. 1954లో ఉత్తరప్రదేశ ప్రభుత్వము కాశీనగరమున క్రొత్తగా స్థాపించిన వేధశాలకు ముఖ్య ఖగోళజ్ఞుడుగా నియమింపబడిరి. నగరపు దుమ్మునందు నక్షత్రములను చూచుట యసాధ్యమని గ్రహించి, 1955లో దానిని హిమాలయ పాదములందలి నైనితాలునకు మార్పించిరి. అచ్చట వారికున్న ప్రధాన సాధనము పది అంగుళముల దూరదర్శిని. హైదరాబాదున తండ్రి పనిచేసిన శాలలో నున్నదానికంటె చిన్నది!

1960లో కొడైకెనాలు సూర్య వేధశాలకు అధిపతిగా వెడలిరి. 1899లో స్థాపింపబడిన ఆ శాలకు ఎవర్‌షెడ్ వంటి పండితుల వలన లోకప్రసిద్ధి వచ్చియుండెను. దశాబ్దులుగా కాల్షియము వెలుగులో తీసిన సూర్యుని చిత్రములు అచ్చట రాశిగా నుండెను. బప్పుగారు తమ సూత్రమునకు కారణమేమో సూర్యునియందే వెదకసాగిరి. దూరపు నక్షత్రము చుక్కగా మాత్రమే కనబడును. సూర్యుని ముఖమును భాగములుగా పరిశీలింపవచ్చును. శివరామన్‌గారితో కలిసి, సూర్యుని యుపరితలమున మెఱయు సన్నని చుక్కలే కె రేఖయందలి వెలుగునకు ముఖ్యమగు తావులని 1971లో చూపిరి.

కాని కొడైకెనాలు మబ్బుల కొండ. పగలు సూర్యుని చూచుటకు పనికివచ్చినను రాత్రి నక్షత్రములకు అనుకూలము కాదు. నక్షత్రముల కొఱకు బప్పుగారు దక్షిణదేశమంతయు స్థలాన్వేషణ చేయించిరి. నగరపు వెలుగులు సోకరాదు, గాలి నిలుకడగా నుండవలెను, భూమధ్యరేఖకు సమీపమైనచో ఉత్తరాకాశముతోబాటు దక్షిణాకాశమును విశేషముగా చూడనగును. మన చిత్తూరు సీమకు దక్షిణముగా, వానియంబాడి దాటిన పిమ్మట జవ్వాది కొండలలో కవలూరు అను కుగ్రామము చెంత అడవియందు అట్టి తావు లభించెను. అచ్చట 1968లో 38 సెంటీమీటర్ల దూరదర్శిని పని ప్రారంభించెను. దానిని విదేశమున కొనలేదు. కొడైకెనాలు కర్మశాలలో తమవారిచేతనే చేయించిరి. అద్దము నూరుట, ఇనుము మలచుట, గడియార యంత్రము కూర్చుట, సర్వమును స్వహస్తముల జరిగినవి.

1972లో జర్మనీ దేశమునుండి తెప్పించిన ఒక మీటరు దూరదర్శినిని అచ్చట నిలిపిరి. ఆ యేడే గురుగ్రహపు చంద్రులలో పెద్దదైన గానిమీడ్ ఒక నక్షత్రమునకు అడ్డుగా వచ్చినప్పుడు, దానికి పలుచని వాయుమండలము జాడ గలదని కవలూరు పరిశీలకులు సూచించిరి. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు సమీపించినప్పుడు, గ్రహము దానిని మూయకమునుపే నక్షత్రపు వెలుగు తటాలున తగ్గుట కవలూరున నమోదయ్యెను. అమెరికనులు విమానమునుండి చేసిన పరిశీలనలతో కలిపి చూడగా యురేనస్‌కును శనివలె వలయములు గలవని తేలెను. ఈ సమయములన్నిటియందును దూరదర్శిని వద్ద నుండినవారు బప్పుగారు తయారుచేసిన శిష్యబృందము. 1971లో భారత ఖగోళభౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడినప్పుడు బప్పుగారే దాని అధిపతులైరి.

స్వదేశమునకు వచ్చుట వలన ఆయన నష్టపోయిరని కొందఱందురు. నేనట్లు తలపను; కాని నష్టమే లేదనుటయు నిజము కాదు. పాలొమార్ కొండమీద నిలిచిపోయిన ఆయన సమకాలికుడు అలన్ సాండేజ్ 1958లో విస్తరణపు రేటును సెకనునకు సుమారు 75 కిలోమీటర్లకు దింపెను. 1970వ దశకమున అది 50 యని సాండేజ్ పక్షమును, 100 యని ద వొకులేర్ పక్షమును తీవ్రముగా వాదించుకొనెను. ఆ పోరు జరుగుచున్న కాలమంతయు బప్పుగారు దస్త్రములు వ్రాయుచు, అడవిలో బాట వేయించుచు, అద్దములు నూరు పనివారిని వెదకుచు నుండిరి. ముప్పదియేండ్ల వయసుననే అంత సూత్రము నిచ్చిన మేధకు ఆ దస్త్రములపై గడచిన రాత్రులను ఎవ్వరు తిరిగి ఇయ్యగలరు? మఱియొక వైపు, ఆ రాత్రులు గడువకున్నచో కవలూరే లేదు. రెండును ఒక్క మనుష్యుని జీవితమున ఇముడలేదు. ఆయన ఒకదానిని ఎన్నుకొనిరి.

గౌరవములకు కొదువలేదు. 1970లో భట్నాగరు బహుమానము, 1981లో పద్మభూషణము వచ్చెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడుగా నెన్నుకొనబడిరి; ఆ పదవి నలంకరించిన తొలి భారతీయుడు ఆయనయే.

ఆయన మనసు మాత్రము మఱియొక అద్దముపై నుండెను. కవలూరున 2 మీటర్ల 34 సెంటీమీటర్ల వ్యాసముగల దూరదర్శినిని, రూపకల్పన మొదలు నిర్మాణమువఱకు భారతీయులే చేయవలెనని ఆయన సంకల్పము. గాజుదిమ్మ విదేశమునుండి వచ్చెను. దానిని నూరి మెఱుగుపెట్టుట స్వదేశముననే ఆరంభమయ్యెను. ఇంత పెద్ద అద్దమును మన దేశమున అంతకుమున్ను ఎవ్వరును నూరియుండలేదు. నూరుట, పరీక్షించుట, మఱల నూరుట. ఈ విధముగా సంవత్సరములు గడచెను. పని ముగియకమునుపే బప్పుగారికి హృద్రోగము ముదిరెను. 1982 ఆగష్టు మాసమున గ్రీసు దేశమునందలి పాత్రాసు నగరమున అంతర్జాతీయ సంఘపు మహాసభ జరుగుచుండెను. అధ్యక్షపీఠమున కూర్చుండవలసినవారు జర్మనీ దేశమున మ్యూనిక్ నగరపు వైద్యశాలలో శస్త్రచికిత్సకు లోనైయుండిరి. సభలు ముగియకమునుపే, ఆగష్టు 19వ తేదీన, అచ్చటనే పరమపదించిరి. ఏబదియైదేండ్లు నిండి తొమ్మిది దినములయ్యెను.

శిష్యులు పని నిలుపలేదు. భట్టాచార్యగారి యాధిపత్యమున అద్దము సిద్ధమయ్యెను, గోపురము లేచెను, దూరదర్శిని నిలిచెను. 1986 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి రాజీవ్ గాంధీగారు కవలూరునకు వచ్చి, ఆ వేధశాలకును దూరదర్శినికిని వేణు బప్పు అను నామకరణము చేసిరి. 1988లో అచ్చటి మఱియొక దూరదర్శినితో రాజమోహన్‌గారు కనుగొనిన చిన్న గ్రహమునకు గణితవేత్త రామానుజుని పేరిడిరి. అంతకుమున్నే 2596 సంఖ్యగల చిన్న గ్రహమునకు బప్పుగారి పేరు పెట్టబడియుండెను.

ఇక విస్తరణపు రేటు మాట. 2001లో హబుల్ పేరిటి అంతరిక్ష దూరదర్శినితో పండితులు చేసిన లెక్కకు 72 వచ్చెను. 2018లో ప్లాంక్ ఉపగ్రహమువారు విశ్వపు శైశవకాలమునాటి మంద ప్రకాశమునుండి లెక్కించి 67.4 అనిరి. 2022లో సెఫీడుల నిచ్చెన నెక్కి కొలిచిన రీస్ పక్షమువారు 73 అనిరి. 50కిని 100కిని నడుమ జరిగిన పాత వాదముతో పోల్చిన ఇది స్వల్ప భేదము. కాని ఉభయుల కొలతలును ఇప్పుడు ఎంతో నిశితములగుటచే ఆ స్వల్పము కూడ సరిపడుట లేదు. నిచ్చెనయందు ఏ మెట్టు కొంచెము వంగియున్నదో, లేక ప్రకృతియందే మనమెఱుగని విశేషము గలదో తేల్చుటకు క్రింది మెట్లను మొదటినుండి మఱల కొలుచుచున్నారు.